అరుగుమీది బేతాళప్రశ్నలు



వానలు వెనుకబట్టి ఎండపొడ తగలగానే అటకమీది పుస్తకాలు దించి పెరట్లో చాపమీద ఆరబెట్టడం కోనసీమలో పుస్తకాలు దాచుకొనేవారికి ఏటేటా తప్పని పని. గోదావరి పాయల నడుమ, సముద్రపుగాలి తగిలే చోట కాగితం త్వరగా చెమ్మగిల్లుతుంది. చెమ్మ వెనుకే చెదలు వస్తాయి. ఈ ఏడు అలా ఆరబెడుతూ ఉండగా పాత కాలెండరు అట్ట వేసి, పురికొసతో కుట్టిన బైండొకటి చేతికి వచ్చింది. 'ఆంధ్రభూమి' వారపత్రికనుండి వారం వారం పుటలు కత్తిరించి కుట్టుకొన్న 'తులసిదళం' ధారావాహిక అది. నడుమ మూడు వారాల భాగం లేదు. చెదలు తినలేదు, ఎవరూ చింపలేదు. ఆ మూడు వారాలూ ఎందుకు లేవో నాకు తెలుసు. అది చెప్పుకోవడానికే ఈ టపా.

పండితశిక్షణ పొంది, ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు ఛందస్సు, అలంకారాలు చెప్పినవాడికి దయ్యాల నవలలతో పనేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. ఒకప్పుడు నేనూ చిట్లించినవాడినే. తరగతిలో వాచకం చాటున ఇటువంటి నవల పెట్టుకొని చదువుతున్న కుర్రవాని చేతిలోనుండి దానిని లాగుకొని, ఆ రాత్రి నేనే దీపం ఆర్పకుండా చదివి, మరునాడు ఎర్రబడిన కన్నులతో బడికి వెళ్ళినవాడిని. కనుక పెద్దరికం పక్కనపెట్టి మాట్లాడతాను.

* * *

భయాన్ని కోరి అనుభవించడం మనకు కొత్త కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి, అద్భుతం ఒకటి. భయానికీ విస్మయానికీ స్థాయీభావపు గౌరవమిచ్చి శృంగారవీరాల పంక్తిలోనే కూర్చోబెట్టాడు ఆ మహర్షి. అయితే మన కథకులు భయాన్ని ఒంటరిగా విడిచిపెట్టలేదు. దానికి తోడుగా ఒక ప్రశ్నను పంపేవారు.

బేతాళకథలనే చూడండి. పదకొండవ శతాబ్దపు సోమదేవుని కథాసరిత్సాగరంలో చేరిన ఆ ఇరువదియైదు కథలూ శ్మశానంలో, శవాన్ని భుజాన వేసుకొని నడిచే రాజుకు శవంలోని బేతాళుడు చెప్పినవి. దానికంటె భయంకరమైన సన్నివేశం ఏముంటుంది? కాని ప్రతి కథ చివరా బేతాళుడు రాజును అడిగేది ధర్మసందేహం. తెలిసీ చెప్పకపోతే తల వక్కలవుతుంది. చెబితే మౌనం భంగమై శవం చెట్టెక్కుతుంది. భయపడి ఊరకుండడానికి వీలులేదు, ఆలోచించి తీరాలి. 1947లో పుట్టిన 'చందమామ' ఇదే చట్రంలో కొత్తకొత్త కథలను బిగించి, దశాబ్దాలపాటు మన పిల్లలచేత ఆ పని చేయించింది.

మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలలోనూ అంతే. మణిసిద్ధునితో కాశీకి బయలుదేరిన గోపకుమారుడు దారిలో ప్రతి మజిలీలోనూ ఒక వింతను చూస్తాడు. దాని కారణం చెబితేనే ముందుకు కదులుతాడు. వింతను చూడడం, కారణం అడగడం, విని సమాధానపడడం. వందలాది పుటల ఆ పన్నెండు భాగాల నడక అంతా ఈ మూడడుగులదే. పింగళి సూరన కళాపూర్ణోదయంలో చేసినదీ ఒక విధంగా ఇదే. ముందుగా ముడులు వేసి, చదువరిని ఊరించి, చాలా దూరం పోయాక ఒక్కొక్కటే విప్పాడు.

ఇక నవల అనే ప్రక్రియ మన గోదావరి తీరంలో అడుగుపెట్టిన నాడే మాయమంత్రాలతో తగవు పెట్టుకొన్నది. కందుకూరి వీరేశలింగంగారి రాజశేఖరచరిత్రము 1878లో వారి 'వివేకవర్ధని'లో వెలువడసాగింది. ధవళేశ్వరంలో కథ మొదలవుతుంది. బంగారం చేసిపెడతానన్న బైరాగిని నమ్మి ఇంటిలోని వెండిబంగారాలు పోగొట్టుకొన్న గృహస్థు కథ అది. వింతను నమ్మినవానికి కలిగే నష్టాన్ని చూపి, ఆ వింత వెనుక ఉన్న మనిషిని పట్టుకోమన్నారు పంతులుగారు. కాలువగట్లమీద చదువు వ్యాపించిన కొద్దీ, వింత ముచ్చటకూ వీరేశలింగంగారి శంకకూ నడుమ మన ఇళ్ళలో పెనుగులాట సాగుతూనే వచ్చింది.

* * *

నేను కొత్తగా ఉద్యోగంలో చేరేనాటికి, అంటే 1980ల తొలినాళ్ళకు, మా ప్రాంతంలో నవల లేని ఇల్లు అరుదు. మండలాలు ఇంకా ఏర్పడలేదు (అవి 1985లో వచ్చాయి). రాజోలు, అమలాపురం, కొత్తపేట తాలూకాలుగానే ఉండేవి. చించినాడ వంతెన లేదు. నరసాపురంవైపు వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కవలసిందే. పంటుకోసం ఎదురుచూసేవారి చేతిలో వారపత్రిక ఉండేది. అమలాపురంలో అద్దెపుస్తకాల దుకాణాలు ఉండేవి. కొంత సొమ్ము ముందుగా కట్టి, రోజుకిన్ని పైసలు చొప్పున నవల తెచ్చుకొనేవాళ్ళం. అట్ట ఊడిన పుస్తకానికి గిరాకీ ఎక్కువ. అట్ట ఊడేదాకా చదివారంటే అందులో ఏదో ఉన్నదన్నమాట.

నవలను ఎన్నుకోవడం ఒక విద్య. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు మాకు చిన్ననాటినుండీ పరిచితులు. ఆ నవలలు చదివినవారికి ఒక అలవాటు పట్టుబడింది. ఎంత చిక్కు అయినా చివరికి విప్పుతారన్న భరోసా అది. తరువాత వచ్చిన మంత్రతంత్రాల నవలలు ఆ భరోసాను కదిలించాయి. ఇక్కడ హంతకుడు మనిషా, దయ్యమా? చివరి పుటదాకా తేలదు. ఒక్కొక్కసారి చివరి పుటలోనూ తేలదు.

విమర్శకులు వీటిని 'క్షుద్రసాహిత్యం' అన్నారు. ఆ పేరు పండితుల నోట పుట్టినా, అందరినీ ఒకే గాటకట్టడం నాకు అప్పుడూ ఇప్పుడూ సమ్మతం కాదు. అలంకారశాస్త్రం చదివినవాడిని కనుక నాకు తోచిన విభాగం చెబుతాను. మసకచీకటిలో తాడును చూసి పాము అనుకొంటే అది భ్రాంతిమదలంకారం. తాడో పామో తేల్చుకోలేక ఊగిసలాడితే సందేహాలంకారం. నవలలూ ఇంతే. దయ్యమని భయపెట్టి, చివరకు దుప్పటి తొలగించి మనిషిని చూపేది మొదటి రకం. రెండింటి నడుమ చదువరిని నిలిపి ఉంచేది రెండవ రకం. మూడవ రకంలో అది నిజంగా పామే. అక్కడ విప్పవలసిన ముడే లేదు.

పాశ్చాత్యులూ ఈ దారిన నడిచినవారే. హొరేస్ వాల్పోల్ 1764లో 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' వ్రాసి ఈ తరహా నవలలకు దారి తీశాడు. తరువాత ఆన్ రాడ్‌క్లిఫ్ అనే రచయిత్రి భయపెట్టిన వింతలకు చివరలో లౌకికమైన కారణాలు చూపింది. 1970లో త్స్వెతాన్ తొదొరోవ్ అనే విమర్శకుడు, లౌకికమా అలౌకికమా అని చదువరి తేల్చుకోలేని ఊగిసలాటలోనే ఈ సాహిత్యపు ప్రాణం ఉన్నదని సిద్ధాంతీకరించాడు. దానిని చదివినప్పుడు, మన సందేహాలంకారం పారిస్ దాకా వెళ్ళివచ్చినట్లు నాకు ముచ్చట వేసింది.

* * *

ఇక 'తులసిదళం'. యండమూరి వీరేంద్రనాథ్‌గారు 1948లో మా రాజోలులోనే జన్మించారు. ఆ నవల సికరాజుగారి సంపాదకత్వంలోని 'ఆంధ్రభూమి' వారపత్రికలో ధారావాహికగా వస్తున్నప్పుడు మావాళ్ళకు అదొక సొంత సంబరం. పత్రిక సంచికలు ఊరికి నాలుగో అయిదో వచ్చేవి. చదివేవారు నలభై మంది. కనుక మా వీధిలో కంపౌండరుగారి అరుగుమీద, దీపం పెట్టుకొని, నేను పైకి చదివేవాడిని. పద్యం చదివి అలవాటైన గొంతు. ఆ గొంతును ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన గర్వం ఒకటి ఉండేది. తులసి అనే చిన్నారిమీద కాష్మోరా ప్రయోగం జరుగుతున్నదని చదువుతూ ఉంటే ఆడవాళ్ళు పిల్లలను ఒడిలోకి లాక్కొనేవారు. కొబ్బరిమట్ట రాలిన చప్పుడుకు అరుగంతా ఉలిక్కిపడేది. 'వచ్చేవారం' అన్న మాట దగ్గర పత్రిక మూసి లేచిపోయేవాడిని. ఎవరేమి అడిగినా చిరునవ్వే సమాధానం. అది నా తప్పని అప్పటికి తెలియదు.

ఆ వానకాలంలో మా వీధి చివరి ఇంటి పిల్లకు జ్వరం వచ్చింది. వారం గడిచినా తగ్గలేదు. ఒకనాటి ఉదయం ఆ ఇంటి గుమ్మం పక్కన కోసిన నిమ్మకాయ, పసుపు, కుంకుమ కనిపించాయి. ఆ ఇంటి పక్కనే చిన్న పాకలో ఒక మామ్మగారు ఒంటరిగా ఉండేది. భర్త పోయాడు, కూతురు గోదావరి అవతల కాపురం. మామ్మ తెల్లవారకముందే లేచి పూలు కోసుకొని అమ్ముకొని వచ్చేది. ఆ వేళకు ఆ గుమ్మం దాటి వెళ్ళేది ఆమె ఒక్కతే. మధ్యాహ్నానికి మాట పుట్టింది. సాయంత్రానికి ఊరంతా పాకింది.

"మాస్టారూ, నవల్లో అచ్చం ఇలాగేనండి కదండీ?" అని ఒకాయన నన్ను అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నిజమైన ప్రశ్న. దానికి ఆ క్షణంలో నా దగ్గర సమాధానం లేదు. బేతాళుని ముందు నోరు మెదపని రాజునైపోయాను.

కంపౌండరుగారు మాత్రం ఊరకుండలేదు. పిల్లను అమలాపురం తీసుకొని వెళ్ళమని తండ్రిని కేకలేసి, తాను కూడా తోడువెళ్ళాడు. అది టైఫాయిడ్ అని తేలింది. మందులతో పిల్ల కోలుకొన్నది. ఇంటికి తిరిగి వచ్చిన రోజున ఆ పిల్ల నాయనమ్మే మాటల మధ్యలో అసలు సంగతి చెప్పింది. జ్వరం తగ్గడం లేదని ఆ తెల్లవారుజామున తానే దిష్టి తీసి, దిమ్మరించడానికి వీధి మొగదాకా వెళ్ళే ఓపిక లేక, గుమ్మం పక్కనే పడవేసి పడుకొన్నదట. నిమ్మకాయగురించి ఇంతమంది ఇన్ని మాట్లాడారు గాని, ఆమెను ఒక్కరూ అడగలేదు. అడగనిదే ఎవరు చెబుతారు?

అప్పటికే మామ్మగారు ఊళ్ళో లేదు. ఆ పది పదిహేను రోజులలో ఆమె దగ్గర పూలు కొన్నవారు లేరు. చెరువులో ఆమె దిగిన రేవులో మరొకరు దిగలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందువల్ల ఎవరినీ నిందించడానికీ లేదు. ఒకరోజు చిన్న మూటతో కూతురి ఊరికి పంటు ఎక్కిందని రేవులోని వారు చెప్పారు. కంపౌండరుగారూ నేనూ వెతుక్కొంటూ వెళ్ళి, అరుగుమీద కూర్చొని, రమ్మని బతిమాలాం. ఆమె మాకు మజ్జిగ ఇచ్చింది. "మీరంతా మంచోళ్ళే బాబూ" అన్నది. రాలేదు. ఆ పాక మరుసటి ఏటి వానలకు కూలిపోయింది.

ఆ మూడు వారాలూ మా వీధివారు పత్రిక తెప్పించలేదు. బైండులో లేని పుటలు అవే.

* * *

తప్పు ఆ నవలదా? ఈ ప్రశ్నను నలభై యేళ్ళుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. మా వీధికి చేతబడిమీద నమ్మకం నవల తెచ్చిపెట్టింది కాదు, అది అంతకు ముందునుండీ ఉన్నదే. నిజానికి 'తులసిదళం' నా విభాగంలో సందేహాలంకారపు నవల. అందులో వైద్యం ఒకవైపు, హిప్నాటిజం ఒకవైపు, మంత్రం ఒకవైపు పాపకోసం పాటుపడతాయి. ఏది కాపాడిందో తేల్చుకోవడం చదువరి వంతు. విలియం పీటర్ బ్లాటీ 1971లో వెలువరించిన 'ది ఎగ్జార్సిస్ట్' నవలలో కూడా బాలికను మొదట వైద్యులు పరీక్షిస్తారు, పిమ్మట మతాచార్యులు వస్తారు. రెండు తలుపులనూ తెరచి ఉంచడం ఈ తరహా కథల మర్మం.

అయితే రంగనాయకమ్మగారు ఇందుకు ఒప్పుకోలేదు. ''తులసిదళం' కాదు, 'గంజాయి దమ్ము'!' అని పేరుపెట్టి ఏకంగా ఒక విమర్శగ్రంథమే వెలువరించారు. శాస్త్రం ముసుగు వేసి మూఢనమ్మకాన్ని అమ్ముతున్నారన్నది వారి అభియోగసారం. ఆ వివాదం న్యాయస్థానం దాకా వెళ్ళింది. మా అరుగుమీద ఆ విమర్శనూ చదివాం. రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఇంటికి వెళ్ళాక భార్యాభర్తలు కూడా వాదించుకొన్నారు. నాకు మాత్రం మామ్మగారి మూట కళ్ళముందు కదలాడుతూ ఉండగా, ఆ విమర్శను తోసివేయడం సాధ్యం కాలేదు. నవలను తగులబెట్టమనడమూ సాధ్యం కాలేదు. రెండు తలుపులు తెరచి ఉన్న ఇంటిలో జనాన్ని కూర్చోబెట్టి, దీపం ఆర్పి వెళ్ళిపోయినవాడిని నేనే కదా!

మా అరుగుకు ఒక కట్టుబాటు ఏర్పడింది అప్పుడే. చదివినంతసేపు చదివాక, చదివినదానిలో సగం సేపైనా మాట్లాడుకోకుండా లేవకూడదు. ఒక లెక్కల నోటుపుస్తకం తెచ్చి, పుటకు మూడు గళ్ళు గీశాం. మొదటి గడిలో వింత, రెండవ గడిలో రచయిత చూపిన ఆధారం, మూడవ గడిలో విప్పిన తీరు. కొత్త నవల అద్దెకు తేవాలంటే ముందుగా ఆ నోటుపుస్తకం తిరగవేసేవాళ్ళం. అట్టమీది పుర్రెలను చూసి ఎన్నుకోవడం తగ్గింది. మూడవ గడి ఖాళీగా ఉన్న నవలలు చాలానే ఉండేవి. ఆ గడి ఎందుకు ఖాళీగా ఉన్నదో మాట్లాడుకోవడమే మాకు పెద్ద వినోదమైంది. రచయితకు విప్పడం చేతకాలేదా? కావాలని విప్పలేదా? విప్పడానికి ముడే లేదా? ఈ మూడింటికీ భేదం పట్టుకోగలిగిన గృహిణులు మా వీధిలో ఉండేవారు. వారిలో కొందరు అయిదవ తరగతి దాటలేదు. 'తులసిదళం' తరువాయి భాగమైన 'తులసి' చదివినప్పుడు, ఇక్కడ తలుపు ఒకటే తెరచి ఉందండీ అని మొదట కనిపెట్టింది వారిలో ఒకరే. ఆ 'తులసి' ఆధారంగా 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. దానిని చూసి వచ్చినవారు కూడా నోటుపుస్తకంలో గళ్ళు నింపారు.

మూడవ గడి తరువాత, ఎవరూ గీయని నాలుగవ గడి ఒకటి ఉండేది. కథలో నింద ఎవరిమీద పడింది? ఈ ప్రశ్న కంపౌండరుగారిది. మంత్రగాడు ఎవరంటే అడవిలో ఉండేవాడు, ఒంటరి ముసలిది, పేదది, వికలాంగుడు. ఎన్ని నవలలు చదివినా ఈ జాబితా పెద్దగా మారలేదు. కలవారి ఇంటి పెద్దమనిషి చేతబడి చేస్తాడని ఎవరూ అనుమానించరేమండీ అని ఆయన అడిగితే అరుగంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అందరికీ గుర్తువచ్చినది ఒకరే.

* * *

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను నేలమట్టం చేసింది. చెట్లు, ఇళ్ళు, మనుషులు పోయిన చోట ఒక నోటుపుస్తకం పోయిందని బాధపడటం సిగ్గుగా ఉంటుంది. కంపౌండరుగారి పెంకుటిల్లు కూలింది. అందులోనే అదీ పోయింది. బైండు మా అటకమీద ఉండబట్టి మిగిలింది. ఆ తరువాత టీవీలు వచ్చి అరుగులు ఖాళీ అయ్యాయి. కొత్త ఇళ్ళకు అరుగులే లేవు. అద్దెపుస్తకాల దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 'ఆంధ్రభూమి' కూడా 2020లో ఆగిపోయింది.

దయ్యాల కథలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఫోనులో చూస్తున్నారు, చెవిలో పెట్టుకొని వింటున్నారు. మా మనుమడు అర్ధరాత్రి ఒక్కడే వింటాడు. వద్దని నేను అనను. మరునాడు ఉదయం కాఫీ తాగుతూ, "ఏమిరా, వింత ఏమిటి? ఆధారం ఏమిటి? విప్పాడా? నింద ఎవరిమీద వేశాడు?" అని అడుగుతాను. మొదట విసుక్కొనేవాడు. ఈ మధ్య నేను అడగకముందే చెబుతున్నాడు. ఒక్కొక్కసారి నన్ను ఎదురు అడుగుతున్నాడు.

మిత్రులారా, ఇటువంటి నవల ఎన్నుకొనేటప్పుడు మీ ఇళ్ళలో ఏమి చూసేవారు? చదివాక ఎవరితో మాట్లాడుకొనేవారు? మీ ఊరి అరుగుమీద మూడవ గడి ఎవరు నింపేవారు? తీరిక చేసుకొని వ్రాయండి. బేతాళుని నియమం మరచిపోకండి: తెలిసీ చెప్పకపోవడమే తప్పు.

బైండును మళ్ళీ అటకమీద పెడుతున్నాను. లేని ఆ మూడు వారాల పుటలు ఎక్కడైనా దొరకవచ్చు, అచ్చుపుస్తకంలోనైనా చూసి నకలు తీసి అంటించవచ్చు. అంటించదలచుకోలేదు.

స్వస్తి.